అపాచీలను కొన్నారు, ఆ రాత్రిని కొనలేకపోయారు

దమ్మామ్‌లో దిగే తెలుగువాళ్లకు కింగ్ ఫహద్ విమానాశ్రయం అంటే ఇమిగ్రేషన్ దగ్గర బారు, బయట కంపెనీ బస్సు, జుబైల్ వైపో ఖోబర్ వైపో పోయే రోడ్డు. అంతకు మించి దాన్ని తలుచుకునే పని ఎవరికీ పడదు. కానీ 1999 చివర్లో ప్రయాణికుల కోసం తెరవక ముందు, కట్టడం ఇంకా పూర్తికాని రోజుల్లో, అది అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కు స్థావరం. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక, మనవాళ్లు పెట్టేబేడా వదిలేసి అమ్మాన్ మీదుగా ఇళ్లకు చేరుతున్న నెలల్లోనే, అక్కడ అపాచీ హెలికాప్టర్లు వచ్చి వాలాయి. ఆ డివిజన్‌కు చెందిన 8 అపాచీలు తర్వాత సౌదీ వాయవ్య మూలన, ఆలివ్ తోటలకు పేరుపడ్డ అల్ జౌఫ్‌కు తరలాయి. అక్కడి నుంచి లేచి 1991 జనవరి 17న, తెల్లవారుజాము 2 గంటల 38 నిమిషాలకు, ఇరాక్ లోపలున్న రెండు రాడార్ కేంద్రాలను పేల్చేశాయి. గల్ఫ్ యుద్ధంలో తొలి దెబ్బ అదే. బాగ్దాద్ ఆకాశంలో మెరుపులు ప్రపంచమంతా టీవీలో చూసింది గానీ, వెనక వచ్చిన దాడి విమానాలకు ఇరాక్ కంటికి కనపడకుండా దారి ఇచ్చింది ఈ దెబ్బ. ఆ రాత్రితో దాడి హెలికాప్టర్‌కు ఒక మహిమ అంటుకుంది. సౌదీ ఆ మహిమను నమ్మింది, పెద్ద ఎత్తున కొన్నది. ఆ రాత్రి గెలిచింది మాత్రం హెలికాప్టర్ చుట్టూ అల్లిన ఏర్పాటు అని నా వాదన. సౌదీ ఖరీదు చేసింది హెలికాప్టర్‌ను. ఈ రెంటి మధ్య తేడా ఏపాటిదో యెమెన్ సరిహద్దు కొండలు పదేళ్లకు పైగా చూపిస్తూ వచ్చాయి.

ఆ ఏర్పాటు సంగతి కాస్త వివరంగా చూడాలి. గుర్తుపట్టడానికి చెట్టూ గట్టూ లేని ఎడారిలో, చీకట్లో, నేలను రాసుకుంటూ పోయే హెలికాప్టర్‌కు తానెక్కడుందో తెలియడమే మొదటి సమస్య. అప్పటి అపాచీలో ఉన్న దిక్సూచి వ్యవస్థ దూరం పెరిగేకొద్దీ దారి తప్పేది. జీపీఎస్ అప్పుడప్పుడే వస్తున్న సాధనం. అది అమెరికా వైమానిక దళానికి చెందిన పేవ్ లో అనే పెద్ద హెలికాప్టర్లలో ఉంది, సైన్యం వారి అపాచీల్లో లేదు. అందుకని నాలుగు అపాచీలకు రెండు పేవ్ లోల చొప్పున రెండు జట్లు కట్టారు. పేవ్ లోలు ముందు నడిచాయి. లక్ష్యానికి కొంత దూరంలో, ముందే కొలిచి పెట్టుకున్న చోట, వెలుగునిచ్చే రసాయన కడ్డీల కట్టలు కిందికి జారవిడిచాయి. అపాచీలు ఆ వెలుగు మీదుగా వచ్చి తమ లెక్క సరిచేసుకున్నాయి. ఇంధనం చాలదని ప్రతి అపాచీకి ఒక రాకెట్ల పెట్టె ఊడదీసి అదనపు ట్యాంకు తగిలించారు, అంటే ఆయుధం తగ్గించుకుని దూరం కొనుక్కున్నారు. అపాచీలకు నాయకత్వం వహించింది లెఫ్టినెంట్ కల్నల్ డిక్ కోడీ. ఈ దాడి నూటికి నూరు పాళ్లు గురి తప్పదని జనరల్ ష్వార్జ్‌కాఫ్ హామీ అడిగాడన్నది ప్రసిద్ధమే. ఆ హామీ ఇవ్వడానికి నెలల తరబడి సాధన చేశారు. రేడియోలో ఒక్క మాట లేకుండా వెళ్లి, నాలుగు నిమిషాల్లో పని ముగించి తిరిగొచ్చారు. కొట్టవలసిన వస్తువు కదలదు, అదెక్కడుందో అంగుళాలతో సహా తెలుసు, కాపలావాడు ఎదురుచూడటం లేదు, నేల చదును. ఇన్ని కలిసొచ్చిన రాత్రి యుద్ధంలో మళ్లీ మళ్లీ రాదు.

ఫిబ్రవరి చివర్లో నేల మీది యుద్ధం జరిగింది వంద గంటలు. అందులో 277 అపాచీలు పాల్గొని 278 ట్యాంకులను ధ్వంసం చేశాయనీ, పోయింది ఒక్క హెలికాప్టరేననీ లెక్క చెబుతారు. ఈ అంకెలు విన్న ఏ దేశపు రక్షణ మంత్రికైనా నోరూరుతుంది. అయితే ఆ వంద గంటలకు ముందు అయిదు వారాలకు పైగా బాంబులు పడ్డాయి. ఇరాక్ రాడార్లు పోయాయి, యుద్ధ విమానాలు కొన్ని ఇరాన్‌కు పారిపోయాయి, నడుం విరిగిన సేన ఎడారిలో చెల్లాచెదురుగా ఉంది. ఇంకో ఉదాహరణ సౌదీ గడ్డ మీదే ఉంది. జనవరి 29 రాత్రి ఇరాకీ దళాలు సరిహద్దు పట్టణం ఖఫ్జీలోకి చొరబడ్డాయి. సౌదీ నేషనల్ గార్డ్ సైనికులు, ఖతార్ ట్యాంకులు ఫిబ్రవరి 1 నాటికి దాన్ని తిరిగి పట్టుకున్నాయి. అమెరికా మెరైన్ల కోబ్రా హెలికాప్టర్లు అక్కడ బాగా పనికొచ్చాయి. వాటితో పాటు పైన జెట్లు, వెనక ఫిరంగులు, ఊళ్లోనే చిక్కుకుని దాక్కుని శత్రువు జాడ రేడియోలో చెబుతూ కూర్చున్న మెరైన్ నిఘా జట్లు ఉన్నాయి. కోబ్రా ఆ చేతుల్లో ఒక వేలు. సౌదీ సైనికులు దీన్ని స్వయంగా, సొంత వీధుల్లో చూశారు.

చూసినదాని నుంచి రాజ్యం నేర్చుకున్నది వేరు. 1990ల మొదట్లో 12 అపాచీలు తెప్పించుకుంది. 2010 అక్టోబరులో 6,000 కోట్ల డాలర్ల దాకా పోయే ఆయుధ బేరాన్ని ఒబామా ప్రభుత్వం అమెరికా కాంగ్రెస్ ముందు పెట్టినప్పుడు, అందులో 84 కొత్త ఎఫ్-15 విమానాలతో పాటు 70 అపాచీలు కనిపించాయి. ఆ 70ని పంచిన తీరు నాకు అంకె కన్నా ఆసక్తిగా ఉంటుంది. సైన్యానికి 24, రాచ కాపలా దళానికి 10, నేషనల్ గార్డ్‌కు 36. మళ్లీ నేషనల్ గార్డ్‌కే 72 బ్లాక్ హాక్‌లు, 36 చిన్న దాడి హెలికాప్టర్లు అదనం. సౌదీలో నేషనల్ గార్డ్ సైన్యానికి అనుబంధం కాదు, దానికి సమతూకంగా నిలబెట్టిన మరో సేన. సైన్యం ఎప్పుడైనా గద్దె వైపు చూస్తే అడ్డు నిలవాలని గిరిజన తెగల నుంచి ఏరి పెంచిన బలగం అది. 2013లో దానికి ఏకంగా సొంత మంత్రిత్వ శాఖే వచ్చింది. ఇంటి రాజకీయంగా చూస్తే ఈ అమరికకు అర్థం ఉంది. చుట్టుపక్కల అరబ్ దేశాల్లో కల్నళ్లు రాజులను దించేసిన కాలంలో పుట్టిన జాగ్రత్త అది. యుద్ధానికి మాత్రం ఇది శాపం. పక్క దళంతో చెయ్యి కలిపితే తప్ప పనిచేయని ఆయుధాన్ని, ఒకదానితో ఒకటి చెయ్యి కలపకూడదనే ఉద్దేశంతో విడదీసి ఉంచిన మూడు సంస్థల చేతికి ఇచ్చారు. అల్ జౌఫ్ రాత్రి సైన్యం హెలికాప్టర్‌కు వైమానిక దళం దారి చూపింది. అలాంటి దారి చూపుడు ఏ ధరల పట్టికలోనూ ఉండదు.

ఇది సౌదీ ఒక్కదాని పొరపాటే అనుకుంటే చరిత్రను సగమే చదివినట్టు. 1950ల చివర అల్జీరియాలో ఫ్రెంచివాళ్లు రవాణా హెలికాప్టర్లకు 20 మిల్లీమీటర్ల తుపాకులు బిగించిన నాటి నుంచి, ఈ యంత్రం ఒక రాత్రి అద్భుతం చేయడం, దాన్ని చూసి మురిసినవాళ్లు మరోచోట దాన్ని ఒంటరిగా పంపి దెబ్బతినడం జరుగుతూనే ఉంది. ప్రత్యేకంగా దాడి కోసమే గీసిన తొలి హెలికాప్టర్ కోబ్రా 1965లో ఎగిరి 1967లో వియత్నాం చేరింది. ఇద్దరు మనుషులు ఒకరి వెనక ఒకరు కూర్చునే సన్నటి దేహం, ముక్కు కింద తుపాకీ, ఇరుపక్కల చిన్న రెక్కలకు రాకెట్లు. ఇప్పటికీ చాలా దేశాల దాడి హెలికాప్టర్లదీ అదే పోలిక. ఆ యుద్ధంలో అమెరికా అన్ని రకాలూ కలిపి 5 వేలకు పైగా హెలికాప్టర్లను పోగొట్టుకుంది. అఫ్గానిస్థాన్‌లో రష్యన్ల ఎంఐ-24 కవచం తొడుక్కుని కొండలను శాసిస్తుండగా, 1986 సెప్టెంబరులో జలాలాబాద్ దగ్గర భుజం మీద పెట్టి పేల్చే స్టింగర్ క్షిపణులు ఒకే రోజు మూడింటిని కూల్చాయి. తాడిని తన్నేవాడికి తలను తన్నేవాడు దొరికాడు. స్టింగర్ ఎన్నింటిని కూల్చిందన్న లెక్క మీద ఈనాటికీ తగవు ఉంది. పైలట్లు ఎత్తుకు ఎగిరిపోయారనీ, నేలకు దగ్గరగా వచ్చి కాచే అలవాటు తగ్గిందనీ మాత్రం ఎవరూ కాదనరు. దాడి హెలికాప్టర్ కూలకుండానే ఓడిపోయే పద్ధతి అది.

ఒక్క నెలలో, ఒక్క దేశంలో, ఒకే యంత్రంతో జరిగిన రెండు సంఘటనలు ఈ వాదనకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. 2003 మార్చి 24 తెల్లవారకముందు కర్బలా దగ్గర ఇరాక్ మదీనా డివిజన్ మీదికి అమెరికా 11వ రెజిమెంట్ 30 చిల్లర అపాచీలను పంపింది. ఇంధనం అందడం ఆలస్యమైంది, ముందు పడవలసిన ఫిరంగి గుండ్లకూ హెలికాప్టర్ల రాకకూ పొంతన తప్పింది. ఊళ్లో దీపాలు ఒక్కసారి ఆరి వెలిగాయి. ఆ సైగతో మిద్దెల మీద నుంచి, సందుల్లో నుంచి చేతికందిన తుపాకులన్నీ పైకి తిరిగాయి. ఒక అపాచీ దిగిపోయింది, ఇద్దరు సిబ్బంది బందీలయ్యారు, తిరిగొచ్చినవాటిలో గుండు తగలనిది దాదాపు లేదు. నాలుగు రోజుల తర్వాత అదే మదీనా డివిజన్ మీదికి 101వ డివిజన్ తన అపాచీలను పంపింది. ఈసారి ముందు ఫిరంగులు, పైన జెట్లు, ఒకచోట ఆగకుండా కదులుతూ కాల్చడం. అపాచీలు పని చేసి తిరిగొచ్చాయి. మధ్యలో మారింది లోహం కాదు. నిజానికి అపాచీలను ఒంటరిగా పంపాలంటే బెరుకు అమెరికాకు ముందే ఉంది. 1999లో కొసోవో యుద్ధం కోసం 24 అపాచీలను అల్బేనియా దాకా మోసుకెళ్లి, సాధనలోనే రెండింటిని కూల్చుకుని, ఒక్క గుండు పేల్చకుండా వెనక్కి తెచ్చుకుంది.

ఇప్పుడు యెమెన్ సరిహద్దు వెంబడి ఉన్న జజాన్, అసీర్, నజ్రాన్. సౌదీ అనగానే మనకు ఇసుకే గుర్తొస్తుంది. కానీ యెమెన్ సరిహద్దు పడమటి సగం సరవాత్ పర్వతాల వెంట, రాతి లోయల వెంట పోతుంది. ఖమీస్ ముషైత్ సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉంది. వేడి పెరిగినా, ఎత్తు పెరిగినా గాలి పలచబడుతుంది. గాలి పలచబడితే రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు ఊపిరి తగ్గుతుంది. అప్పుడు పైలట్ ఇంధనమో ఆయుధమో ఏదో ఒకటి కింద వదిలి ఎగరాలి. అపాచీ పూర్తి బరువుతో మోయగల 16 హెల్‌ఫైర్ క్షిపణులు, 1,200 గుండ్లు అన్నవి కాగితం మీది మాటలుగా మిగులుతాయి. ఇంతకన్నా పెద్ద చిక్కు చూపు. చదును ఎడారిలో హెల్‌ఫైర్ 8 కిలోమీటర్ల అవతలి ట్యాంకును కొడుతుంది, ట్యాంకులో ఉన్నవాడు తనను కొట్టిందెవరో చూడకుండానే పోతాడు. అపాచీ బలమంతా ఈ దూరంలోనే ఉంది. లోయలో మలుపు తిరిగితే చూపు కొన్ని వందల మీటర్లకు వచ్చి ఆగుతుంది. పైగా శత్రువు కొండ కొమ్మున ఉంటాడు, హెలికాప్టర్ అతని కింద ఎగురుతుంది. పై నుంచి కాల్పులు తినడానికి ఈ యంత్రాన్ని ఎవరూ గీయలేదు. ఇక అక్కడ కొట్టడానికి ట్యాంకుల దండు ఏది? చెప్పులు, నడుముకు బాకు, భుజాన తుపాకీ, వెంట ఒక పాత పికప్ బండి. లక్ష డాలర్ల పైచిలుకు క్షిపణిని అయిదుగురు మనుషుల మీదికి వదలడాన్ని పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటాం. పిచ్చుకలు కూడా రాతి కింద దూరి బతికిపోతున్నప్పుడు ఆ సామెత కూడా చాలదు.

2009 నవంబరులోనే ఇది బయటపడింది. యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీలు సరిహద్దు కాపలావాళ్లను చంపి జబల్ దుఖాన్ మీదికి ఎక్కినప్పుడు సౌదీ విమానాలు, అపాచీలు, ఫిరంగులు అన్నీ దించింది. కొండ మళ్లీ చేతికొచ్చేసరికి 2010 మొదటి నెలలు వచ్చాయి, వంద మందికి పైగా సౌదీ సైనికులు చనిపోయారు. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన బేరం ఈ అనుభవం తర్వాతిదే అని గమనించాలి. కొండ మీద నెలల తరబడి తడబడటానికి యంత్రాలు చాలకపోవడమే కారణం అనుకున్నారు. 2015 మార్చి 26న యెమెన్ మీద పెద్ద యుద్ధం మొదలయ్యాక ఆ వేసవి నుంచే హౌతీ జట్లు సరిహద్దు చౌకీల మీదికి ఎక్కి రాసాగాయి. ఆగస్టులో జజాన్ దగ్గర ఒక అపాచీ నేలకూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. కూల్చింది మేమేనని హౌతీలు అన్నారు. 2019 నవంబరు 29న అసీర్ సరిహద్దులో మరో అపాచీని క్షిపణి తాకి ముక్కలవడం హౌతీలే వీడియో తీసి చూపించారు. ఈలోగా నేల మీది కాపలాకు సౌదీ యెమెనీ యువకులను, సుడాన్ సైనికులను జీతానికి తెచ్చి నిలబెట్టింది. పైన ఎగిరేవాడికి కింద ఉన్నవాడి భాష, పద్ధతి, రేడియో, చివరికి కమాండరు కూడా వేరు. ఏ రాతి వెనక ఎవరున్నారో పైకి చెప్పగలిగిన కన్ను లేకపోతే ఆ ఖరీదైన కెమెరాలు రాళ్లనే చూస్తాయి. 2019 ఆగస్టులో నజ్రాన్‌కు ఎదురుగా కితాఫ్ లోయలో సౌదీ పక్షాన పోరాడుతున్న యెమెనీలు వందల సంఖ్యలో చుట్టుముట్టబడి లొంగిపోయారు. ఆకాశంలో ఎదురే లేని పక్షం లోయలో అలా ఓడింది.

దీనికొక బలమైన అభ్యంతరం ఉంది. నజ్రాన్ పడిపోలేదు, జజాన్ పడిపోలేదు. ఏడేళ్లలో ఒక్క సౌదీ పట్టణమూ శత్రువు చేతికి పోలేదంటే అందులో అపాచీల పాలు లేదా అని అడగవచ్చు. ఉంది. రాత్రిపూట వేడిని బట్టి మనిషిని పసిగట్టే హెలికాప్టర్ పైన తిరుగుతున్నంతసేపూ లోయ దాటి మైదానంలోకి దిగడానికి ఎవరైనా జంకుతారు. చౌకీలో చిక్కుకున్న సైనికుడికి దాని చప్పుడే ధైర్యం. దీన్ని తక్కువ చేయడం అన్యాయం. కానీ పట్టణాలు పడిపోకుండా ఆపడమే కొలమానమైతే, విమానం అన్నదే లేని ఒక తిరుగుబాటు సేన ముందు ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఆయుధాలు కొనే దేశాల్లో ఒకటి అంతమాత్రం చేయడాన్ని విజయం అనలేం. 2022 ఏప్రిల్‌లో సంధి కుదిరే దాకా నజ్రాన్ మీద గుండ్లు పడుతూనే ఉన్నాయి. 2019 జూన్ 12న అభా విమానాశ్రయంలో దిగేవాళ్ల హాలు మీద క్షిపణి పడి 26 మంది గాయపడ్డారు. వారిలో ఒక భారతీయ మహిళ ఉన్నారు. మన ఊళ్ల నుంచి పోయినవాళ్లు సౌదీలో ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో తెలిసిన ఎవరికైనా ఆ వార్త దూరపుది కాదు.

రెండో విషయం చెప్పడానికి ఇబ్బందిగానే ఉంటుంది. హెలికాప్టర్ జెట్ కన్నా నెమ్మది, నేలకు దగ్గర, పైలట్‌కు లక్ష్యం కళ్లారా కనిపిస్తుంది, కాబట్టి అమాయకులు తక్కువ చస్తారన్నది దీని తరఫున ఎప్పుడూ చెప్పే మాట. 2017 మార్చిలో హొదైదా తీరానికి అవతల ఎర్ర సముద్రంలో సొమాలీ శరణార్థుల పడవ మీద రాత్రివేళ హెలికాప్టర్ కాల్పులు జరిపింది. 40 మందికి పైగా చనిపోయారు. ఆ యుద్ధంలో ఆయుధాలున్న హెలికాప్టర్లు సౌదీ కూటమికి తప్ప మరెవరికీ లేవనీ, దాడి వారిదే అయి ఉండాలనీ ఐక్యరాజ్యసమితి నిపుణులు తేల్చారు. కూటమి ఒప్పుకోలేదు. చేసింది ఎవరైనా, కనపడటం వేరు, గుర్తుపట్టడం వేరు. తెరమీద తెల్లగా మెరిసే ఆకారం మనిషి అని కెమెరా చెబుతుంది. అతను ఎవరో, ఆ పడవ ఎటు నుంచి ఎటు పోతోందో చెప్పవలసింది మళ్లీ హెలికాప్టర్ బయట ఉన్న వ్యవస్థే. అది లేనిచోట దగ్గరితనం వల్ల కరుణ పెరగదు, గురి మాత్రం పెరుగుతుంది.

ఇక ఈ రోజుల్లో అందరూ అనే మాట: డ్రోన్లు వచ్చాయి, దాడి హెలికాప్టర్ కథ ముగిసింది. జపాన్ 2022 డిసెంబరులో తన దాడి హెలికాప్టర్లను క్రమంగా తీసేసి డ్రోన్లు పెట్టుకుంటామని ప్రకటించింది. అమెరికా సైన్యం 2024 ఫిబ్రవరిలో కొత్త నిఘా-దాడి హెలికాప్టర్ పథకాన్నే రద్దు చేసుకుంది. సౌదీకి ఈ పాఠం ముందే, చాలా ఖరీదుగా అందింది. 2019 సెప్టెంబరు 14న అబ్‌ఖైక్, ఖురైస్ చమురు కేంద్రాల మీద డ్రోన్లు, క్రూయిజ్ క్షిపణులు పడి రోజుకు 57 లక్షల బారెళ్ల ఉత్పత్తి ఆగిపోయింది. అంటే దేశం మొత్తం తీసే చమురులో సగం. డజన్ల కొద్దీ అపాచీలు ఆ దేశపు హాంగర్లలో ఉండగానే అది జరిగింది. అయినా హెలికాప్టర్‌కు పాడె కట్టేవాళ్లతో నేను ఏకీభవించను. 2023 వేసవిలో జపోరిజియాలో ఉక్రెయిన్ ట్యాంకులు మందుపాతర్ల మధ్య ఇరుక్కున్నప్పుడు, రష్యా కేఏ-52 హెలికాప్టర్లు తమ సేనల వెనక నుంచి, దూరపు క్షిపణులతో వాటిని కొట్టి ఆ ఎదురుదాడిని బాగా దెబ్బతీశాయి. అంతకు ఏడాది ముందు కీవ్ వైపు ఒంటరిగా చొచ్చుకుపోయి కూలిపోయినవీ అవే కేఏ-52లు. ఆ తర్వాత 2023 అక్టోబరులో బెర్దియాన్స్క్‌లో నేల మీద నిలిపి ఉంచినప్పుడు ఉక్రెయిన్ క్షిపణులకు దొరికిపోయినవీ ఆ కోవవే. మందుపాతరలు, పదాతి దళం, గగన రక్షణ కలిసి నడిచినప్పుడు ఒక ఫలితం, విడిపోయినప్పుడు మరొకటి. ఇజ్రాయెల్ 2018లోనే ఒక ఇరాన్ డ్రోన్‌ను అపాచీతో కూల్పించింది. నెమ్మదిగా, కిందుగా వచ్చే డ్రోన్‌ను వేటాడటానికి నెమ్మదిగా, కిందుగా ఎగరగలిగినదే తగినది. అయితే అది వస్తోందని, ఎటు నుంచి వస్తోందని రాడార్ వాళ్లు ముందు చెప్పాలి. మళ్లీ అదే గొలుసు. 2024 ఆగస్టులో 96 అపాచీలు కొన్న పోలండ్ ఈ గొలుసు గురించి ఆలోచించి కొన్నదో, మహిమను నమ్మి కొన్నదో కాలం తేలుస్తుంది.

గొలుసు ఉంటే డబ్బు, సరఫరా లేకపోయినా ఎంతకాలం నెట్టుకురావచ్చో చూపే ఉదాహరణ సౌదీకి ఎదురొడ్డునే ఉంది, అది వాళ్లకు రుచించకపోవచ్చు. ఇరాన్ షా 1970లలో 202 కోబ్రాలు కొన్నాడు. 1979లో షా పోయాడు, అమెరికన్ మెకానిక్‌లు పోయారు, విడిభాగాలు ఆగిపోయాయి. ఏడాదికే ఇరాక్ దండెత్తింది. ఆ కోబ్రాలు ఒకదాన్ని విప్పి మరొకదానికి బిగించుకుంటూ ఎనిమిదేళ్లు పోరాడాయి. ఇరాకీ హెలికాప్టర్లతో గాలిలోనే తలపడ్డాయి కూడా. శిక్షణ పొందిన పైలట్లు, రెంచీ పట్టడం తెలిసిన సొంత మెకానిక్‌లు మిగలడమే దీనికి కారణం. సౌదీలో ఈ పని నేటికీ ఎక్కువగా విదేశీ కంపెనీల ఒప్పందాల మీద నడుస్తుంది. ఇసుక రేణువులు రోటర్ అంచులను, టర్బైన్ పళ్లను కోసేసే దేశంలో ఎగిరే గంటల కన్నా బాగుచేసే గంటలే ఎక్కువ. ఏనుగును కొని అంకుశం అద్దెకు తెచ్చుకున్నట్టుంది.

ఈ గొడవ మనకెందుకు అని ఎవరైనా అనేలోపు ఆదిభట్ల వైపు చూడాలి. ప్రపంచంలో పలు దేశాలు కొనే అపాచీల దేహాలు ఇప్పుడు హైదరాబాద్ శివార్లలోని టాటా బోయింగ్ కర్మాగారం నుంచి పోతున్నాయి. 2018 మార్చిలో ఆ షెడ్డు తెరిచారు, అదే జూన్‌లో మొదటి దేహం బయటికి వచ్చింది. అక్కడ పనిచేసే మన పిల్లల నైపుణ్యం గురించి గర్వపడటంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ గర్వం దేహం దగ్గరే ఆగిపోయి, సౌదీ చేసిన పొరపాటును మనం తెలుగు శీర్షికలతో చేస్తున్నామేమో అని నా అనుమానం. కొత్త హెలికాప్టర్ దిగినప్పుడల్లా మన పత్రికలు వేసేది క్షిపణుల సంఖ్య, వేగం, ‘శత్రువుకు సింహస్వప్నం’ అన్న మాట. భారత సైన్యానికి ఈ మహిమ మీద భ్రమ ఉండటానికి వీల్లేదు. 1987 నుంచి శ్రీలంకలో మన ఎంఐ-25లు పోరాడాయి. 1999 మే 28న తొలోలింగ్ కొండ మీదికి రాకెట్లు బిగించిన ఎంఐ-17లను పంపితే, క్షిపణిని ఏమార్చే జ్వాలలు లేని ఒకదాన్ని పాకిస్థానీ సేనలు భుజం మీది క్షిపణితో కూల్చాయి. నలుగురు సిబ్బంది పోయారు. ఆ తర్వాత ఆ యుద్ధంలో హెలికాప్టర్లను దాడికి పంపడం మానేశారు. ఎత్తు కొండల కోసం మనమే ఒక తేలికైన దాడి హెలికాప్టర్‌ను చేసుకోవాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. అదే 2022 అక్టోబరు 3న జోధ్‌పూర్‌లో దళంలో చేరిన ప్రచండ్.

ఆ జోధ్‌పూర్‌లోనే ఇంకో ముచ్చట జరిగింది. వైమానిక దళానికి 22 అపాచీలు ఉండగా, సైన్యం తనకు వేరుగా 6 కావాలని 2020లో ఒప్పందం చేసుకుంది. వైమానిక దళానికి వేరే, సైన్యానికి వేరే అన్న ఈ పంపకం వింటే సౌదీ పంపకం గుర్తుకు రాక మానదు. సైన్యం 2024 మార్చిలో అక్కడ ఒక అపాచీ స్క్వాడ్రన్‌ను నెలకొల్పింది. పైలట్లు, మెకానిక్‌లు సిద్ధమయ్యారు. హెలికాప్టర్లు రాలేదు. మొదటి మూడు 2025 జూలైలో హిండన్‌లో దిగేదాకా, ఏడాది దాటి, ఆ స్క్వాడ్రన్ యంత్రం లేకుండానే ఉంది. పత్రికలు దీన్ని అవమానంగా రాశాయి. సరఫరా పరాయి చేతిలో ఉండటం చిక్కేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ మనుషులు ముందు, యంత్రం తర్వాత అన్న ఆ వరస, అనుకోకుండా కుదిరినా, రియాద్ వరస కన్నా మేలైనది. 2025 మార్చి 28న హెచ్‌ఏఎల్‌తో 62,700 కోట్ల రూపాయలకు 156 ప్రచండ్‌ల ఒప్పందాలు కుదిరాయి. 66 వైమానిక దళానికి, 90 సైన్యానికి. ఆ 66కూ ఆ 90కీ ఒకే రేడియో భాష ఉంటుందా, కొండ మీది జవాను చెప్పింది ఈ రెండు దళాల పైలట్లలో ఎవరికైనా ఒకేలా వినపడుతుందా, ఇద్దరూ కలిసి ఏడాదికి ఎన్ని రాత్రులు సాధన చేస్తారు అన్న ప్రశ్నలు పార్లమెంటులో ఎవరైనా అడగవచ్చు. ఒప్పందం ప్రకారం మొదటి హెలికాప్టర్ చేతికి రావడానికి మూడో ఏడు పడుతుంది.